కూలగొట్టని గోడ

మా ముత్తాత దేశ్‌ముఖ్. గుర్రం మీద వచ్చినవాళ్లు కూడా ఆయన కచేరీ ముందు దిగి నడిచేవారు. మా తాత పంజాగుట్టలో రెండంతస్తుల మేడ కట్టించి, సిటీలోనూ ఆ మర్యాద తగ్గకుండా చూసుకున్నారు. నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో బిల్డింగ్ ప్లాన్లు గీయడం నేర్పుతాను. ఇస్త్రీ చొక్కా లేకుండా మాత్రం ఏనాడూ క్లాసుకు వెళ్లలేదు.

శనివారాలు జైలుకు కూడా ఆ చొక్కాతోనే వెళ్లేవాణ్ణి. అక్కడ ఖైదీలకు తాపీపని నేర్పుతారు. ప్లాన్ చదవడం నేర్పేది నేను. వాళ్లు మట్టితో ఇటుకలు పేర్చి గోడ కడతారు. సాయంత్రం దాన్ని విప్పి, ఇటుకలు గీకి, మర్నాటికి దాచుకుంటారు. సిమెంటు పెడితే ఇటుకలు మళ్లీ పనికిరావు. వాళ్లలో నలభై దాటిన ఒకతను ఉండేవాడు. నేను మేస్త్రీ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు.

“గోడ నిలబడితె మేస్త్రీ అంటరు సార్. మాది పొద్దుగూకితె పండుకుంటది.”

విడుదలైన వారానికి మా ఇంటికి వచ్చాడు. జైల్లో పని నేర్చుకున్నానంటే భార్య నమ్మడం లేదట. ఒక్క గోడైనా నిలబెట్టి ఆమెకు చూపించాలట. వానకు మా మేడ వెనక పెరటి గోడ కూలి ఉంది. అది అప్పగించాను.

సాయంత్రం చూస్తే గోడ దారం పట్టినట్టు తిన్నగా ఉంది. సిమెంటు బస్తా మాత్రం విప్పలేదు. పాత గోడ మట్టినే తడిపి కట్టేశాడు.

“ఇదేందయ్యా?”

అతను బస్తాను చూశాడు, గోడను చూశాడు. “చేతులకు గదే అలవాటైంది సార్.” నేనింకో మాట అనకముందే విప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు సిమెంటుతో కట్టాడు. పొద్దుగూకుతున్నా గోడ ముందు నుంచి కదల్లేదు.

“ఇంకేం పని?”

“ఏం లేదు సార్. కూలగొట్టే టైమైంది. చేతులు గుంజుతున్నయ్.”

“ఆ చేతులు కట్టుకొని ఇంటికి పో మేస్త్రీ. పొద్దున్నే నీళ్లు కొట్టాలె.”

ఈసారి ఆ పిలుపుకు అడ్డు చెప్పలేదు.

గోడకు నీళ్లు కొట్టడానికి రోజూ వచ్చేవాడు. ఒకనాడు భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె రెండు చేతులూ గోడకు ఆనించి గట్టిగా తోసింది.

“పడ్తలేదు.”

“పడ్తదని వచ్చినవా?”

“మరి? నువ్వు కట్టినవంటివి గద.”

అని, కొంగుతో గోడ మీది ఇసుక తుడిచింది.

తర్వాత మా అన్నదమ్ముల వాటాలు తేలాయి. మేడ కొనవచ్చిన బిల్డర్ పెరడు కూడా అడిగాడు, గోడ తీసేస్తానన్నాడు. పెరడు నా వాటా కింద ఉంచుకుని, ఇవ్వనన్నాను. తాతగారి మేడ, దాని ముందు స్థలం అమ్మేశాం.