చర్చి పక్క గదిలో దోసెల పిండి

వత్సవాయి దగ్గరి పల్లెలో ఉండే పరిమళకు నలభై దాటాయి. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. తల్లి పోయాక అన్న రూబెన్ ఇంట్లోనే ఉంటోంది. అన్నావదినలు పత్తి తీతకు, మిరప కోతకు వెళితే ఇంటి పనంతా కూర్చునే చక్కబెట్టేది. అయినా రెండోసారి అన్నం వడ్డించుకోవాలంటే మొహమాటం. వదిన ఏమీ అనేది కాదు. చూసేది, అంతే.

చర్చివాళ్లు ఆమెను మరిచిపోలేదు. క్రిస్మస్‌కు చీర, నెలనెలా బియ్యం ఇచ్చేవారు. జబ్బులు నయం కావాలని స్వస్థత కూటం పెట్టినప్పుడల్లా ముందు కూర్చోబెట్టి, తల మీద చేయి ఉంచి ప్రార్థించేవారు. ఆ తర్వాత అందరి కళ్లూ ఆమె కాలి మీదే. తనదేదో తప్పయినట్టు పరిమళ తల దించుకుని, కర్ర ఊతంతో ఇంటికొచ్చేది.

కిందటేడు కొత్త పాస్టరుగారు వచ్చారు. ఆయన భార్య గీతాంజలి ఓ సాయంత్రం ఇంటికొచ్చి, "నీకోసం ఏమని ప్రార్థన చేయమంటావు పరిమళా?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు.

"కాలు సంగతి వదిలేయండమ్మగారూ. చర్చి పక్కన పాత బెంచీలు పడేసిన గది ఉంది కదండి, అది ఇప్పించండి. పొలం నుంచి వచ్చినోళ్లకి పప్పు రుబ్బుకునే ఓపిక ఎక్కడుంటది? దోసెల పిండి రుబ్బి అమ్ముకుంటా."

చర్చి సంఘంలో ఈ మాట రాగానే పెద్దమనిషి సొలొమోను అడ్డం తిరిగాడు. "దేవుడి ఆవరణలో వ్యాపారం ఏంటండి? బియ్యం ఇస్తానే ఉన్నాంగా!"

"ఇస్తన్నారు బాబాయ్, కాదనట్లేదు," అంది పరిమళ. "ఆ సంచి ఇంటికి వచ్చినప్పుడల్లా మా అన్న మొహం ఎట్టా అయిపోద్దో మీరు చూళ్లేదు. నాకూ ఇంట్లోకి ఏదన్నా తేవాలని ఉంటదిగా."

సొలొమోను ఒప్పుకోలేదు. అయినా పాస్టరుగారు గది తాళం తీసి ఇచ్చారు. స్త్రీల సమాజం వాళ్లు బెంచీలు బయటికి మోశారు. ఆ ఏడాది చీరలు పంచడం మానేసి, ఆ డబ్బుతో జగ్గయ్యపేటలో పెద్ద గ్రైండరు కొన్నారు. రూబెన్ గది మెట్టు పగలగొట్టి, చెల్లెలు జారిపడకుండా సిమెంటుతో వాలుగా పోశాడు.

మొదటివారం ఎండలకు పిండి పులిసిపోయింది. పరిమళ గ్రైండరు పక్కనే కూర్చుని ఏడ్చింది. గీతాంజలి తన ఫ్రిజ్‌లో చోటిచ్చి, "ఇక మా పాలగిన్నె బయటే," అని నవ్వింది. మెల్లగా కూలీల ఇళ్లనుంచే కాదు, రైతుల ఇళ్లనుంచీ గిన్నెలు రాసాగాయి. సొలొమోను ఇప్పటికీ అటు రాడు. ఆయన భార్య వస్తుంది.

ఈమధ్య రామాలయం వీధి నాగశ్రీ కూడా అక్కడ పనికి కుదిరింది. ఆ పిల్లకు చూపు సరిగా ఆనదు. బయటివాళ్లెందుకని సంఘంలో ఎవరో సణిగితే, "నేనే పిలిచానండి," అంది పరిమళ. "ఊరికే ఇంట్లో కూర్చుంటే ఎట్టా ఉంటదో నాకు తెలుసు."

పోయినవారం మినప్పప్పు కోసం ఇద్దరూ ఆటోలో జగ్గయ్యపేట వెళ్లారు. వచ్చేటప్పుడు పరిమళ వదినకు చెప్పులు కొంది. "నాకెందుకే ఇయ్యి?" అని వదిన విసుక్కుంది. మర్నాడు వాటినే వేసుకుని పత్తి తీతకు వెళ్లింది.