నలభయ్యో రోజు అంబలి

నిన్న పొద్దుగూకే వేళ ఒక పిల్లతల్లి మా గుమ్మం ముందు నిలబడింది. చంకలో ఏడాది నిండని బిడ్డ, ఆపకుండా ఏడుస్తోంది. గజపతినగరానికి కొత్తగా కాపరానికి వచ్చిందట. "సాయిబు తాత ఉన్నాడా బూబమ్మా? మూడు దినాలై సంటిది పాలట్టుకోడం నేదు. ఆయన ఊదితే తగ్గిపోతాదని రాయగడలో ఉన్న మా అత్త సెప్పినాది" అంది. సాయిబు తాత, అంటే మా ఆయన, పోయి రెండేళ్ళయింది. పోయిన మనిషిని ఎవరైనా ఇంట్లో ఉన్నాడా అని అడిగితే, జవాబు చెప్పేదాకా ఉన్నట్టే ఉంటుంది. అందుకని కాసేపు చెప్పకుండా ఊరుకున్నాను. ఆ పిల్లకి ఏం చెప్పానో, ఏం చేశానో చివరన చెబుతాను. అది గొప్పగా చెప్పుకునే పని కాదు గనక ముందు మా ఆయన సంగతి చెప్పి ధైర్యం తెచ్చుకోవాలి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే ఎదురింటి వదిన మనవరాలు రాస్తోంది. నా మాట యాసని బాగుచేస్తానంది. సరే, నా మాటలు బాగుచేసుకో గానీ చచ్చినవాళ్ళ మాటలూ, అప్పుడు నోటితో అనుకున్న మాటలూ మాత్రం ఎవరివి వాళ్ళకి ఉంచమన్నాను.

మా ఆయన పరుపులు కుట్టేవాడు. మసీదు గోడకి ఆనుకుని రేకుల దుకాణం, దాన్ని ఆనుకునే మా ఇల్లు. పెళ్ళిళ్ళ కాలంలో గరివిడి ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి కూడా జోడు పరుపులకి వచ్చేవారు. మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడ దూది. కనుబొమల్లో దూది, గడ్డంలో దూది, అన్నంలో దూది. మసీదులో నమాజుకి పిలిచే బాంగు ఇచ్చేది కూడా ఆయనే. "బూరుగుదూది మింగినోడి గొంతు నీది, దేవుడు సెవులు మూసుకుంటాడు" అని వెక్కిరించేదాన్ని. "పిలుపు జనానికే గాని దేవుడికి కాదే, ఆయన అక్కడే ఉంటాడు" అనేవాడు. ఆయనతో బతుకు హాయిగా గడిచిందని మాత్రం చెప్పను. కచ్చితమైన మనిషి. ఐదు పూటల నమాజులో ఒక్క పూట తప్పితే ఆ రోజు తనని తానే తిట్టుకుంటూ తిరిగేవాడు. సినిమా లేదు, పాట లేదు. జ్వరంతో కాగిపోతూ కూడా రంజాను ఉపవాసం విడవలేదని ఒకసారి చెంబు విసిరేశాను. ఫొటో దిగకూడదనేవాడు, దిగలేదు. ఇప్పుడు చూసుకుందామంటే ఇంట్లో ఆయన మొహం లేదు. నేను నల్లబురఖా లేకుండా సంతకి వెళ్ళింది లేదు. అందుకు నాకు ఏడుపూ లేదు, గర్వమూ లేదు. కాపు కోడలు కొంగు నెత్తిన వేసుకున్నట్టే నేను అది వేసుకున్నాను.

ఇంత కచ్చితమైన మనిషి సాయంత్రమయ్యేసరికి ఎలా మెత్తబడిపోయేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. మగ్రిబు నమాజు అయ్యే వేళకి మసీదు గుమ్మం ముందు ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడేవారు. కాపుల కోడళ్ళు, కోమట్ల కోడళ్ళు, రాయగడ బస్సు దిగి వచ్చిన వాళ్ళు. జడుసుకున్న పిల్లలు, పాలు తాగని పిల్లలు, నిద్రలో ఉలిక్కిపడే పిల్లలు. నమాజు చేసి బయటికొచ్చే ప్రతి మగాడూ నాలుగు మాటలు లోపలే చదువుకుని, పిల్ల నెత్తిమీద ఊది, చెప్పులు వేసుకుని పోయేవాడు. మా ఆయన అందరికన్నా ఆఖర్న వచ్చి అందరికన్నా ఎక్కువసేపు ఊదేవాడు. ఒక ముసలమ్మ తగువు పెట్టుకునేది. "ఓ సాయిబూ, కొంచెం గట్టిగా ఊదు. నిన్న కోమటోళ్ళ గుంటడికి గట్టిగా ఊదినావు, నాను సూడనేదనుకున్నావా?" అని. "ఊదడం వరకే నా పని అప్పా, తగ్గించేవోడు పైనున్నాడు. ఆయనకి సెముడు నేదు" అనేవాడు. తగ్గేదో లేదో నేను చెప్పలేను. తల్లి మాత్రం ఏడుపు మొహంతో వచ్చి మామూలు మొహంతో వెళ్ళేది.

ఆయనకి ఇంకో పని కూడా ఉండేది. మాలో ఎవరు పోయినా మూడో రోజు, పదో రోజు, నలభయ్యో రోజు ఫాతెహా చదవాలి. పోయినవాళ్ళకి ఇష్టమైన తిండి వండి, తెల్లగుడ్డ మీద పెట్టి, సాంబ్రాణి వేసి, ఖురాను చదివి, ఆ పుణ్యాన్ని పేరు చెప్పి పోయినవాళ్ళకి అప్పజెప్పాలి. అప్పటిదాకా ఆ తిండి ఎవరూ ముట్టరు. ఊళ్ళో ఎవరింట్లో చావైనా మా ఆయన సూది పక్కన పెట్టి వెళ్ళేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "ఆ అప్పజెప్పే మాటలు నువ్వూ నేర్చుకోవే. పది మాటలు. నాను ముందెల్లిపోతే పనికొస్తాయి." "మగోళ్ళు సదవాల్సింది, ఆడదాన్ని నాకేటి? ఇద్దరు మగపిల్లల్ని పెంచినాను, ఆలు సదువుతారు" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ ఇద్దరూ మా మరిది కొడుకులు. మాకు పిల్లలు లేరు. మరిది, తోటికోడలు ఏడాది తేడాలో పోతే ఇద్దరినీ మేమే పెంచాం. తండ్రి నలభయ్యో రోజున చిన్నవాడు నా ఒళ్ళో కూర్చుని మలీదా తిన్నాడు. రొట్టె నలిపి బెల్లం కలిపిన ముద్ద, మూతినిండా పూసుకున్నాడు. ఇద్దరూ దూది బస్తాల మీద కూర్చునే అలిఫు, బే అని అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నారు. పెద్దవాడికి తెలుగు పుస్తకాల పిచ్చి, చిన్నవాడికి ఖురాను చదువు చక్కగా అబ్బింది. వాడు చదువుతుంటే మా ఆయన సూది ఆపేసేవాడు.

పెద్దవాడు విశాఖపట్నంలో కాలేజీ పంతులయ్యాడు. మన వాళ్ళు మారాలంటాడు. ఒకసారి విజయనగరంలో మీటింగని నన్ను తీసుకెళ్ళి స్టేజీ ఎక్కించాడు. పక్కన కళ్ళజోడు ఆవిడ మైకు నా నోటి దగ్గర పెట్టి, "అమ్మా, మీ బాధలు చెప్పండి" అంది. నేను చెప్పాను, "మోకాళ్ళమ్మా. కూకుంటే నెగలేను, నెగితే కూకోలేను." జనం నవ్వారు. మావాడికి మొహం మాడిపోయింది. బస్సులో అడిగాడు, "పెద్దమ్మా, ఆ బురఖా గురించి ఒక్క ముక్క సెప్పుంటే ఏటి పోయింది?" "నా బురఖా నీకేటి సేసిందిరా? నీ జొరానికి రాత్రల్లా దీని కొసే తడిపి నెత్తిన ఏసినాను" అన్నాను. వాడు మంచివాడే. మనల్ని ప్రేమిస్తాడు, కాని మనం ఇంకోలా ఉంటే ఇంకా బాగా ప్రేమించేవాడు.

చిన్నవాడు ఊళ్ళోనే సెల్లు దుకాణం పెట్టాడు. చెవిలో ఎప్పుడూ ఏదో ప్రసంగం. గడ్డం పెంచాడు, ప్యాంటు చీలమండ పైకి కట్టాడు. ఇవి మా ఆయనకి సంతోషమే. తర్వాత మొదలైంది. ఊదడం తప్పు, ఫాతెహా తప్పు, సాంబ్రాణి తప్పు, పెద్దల రోజున సమాధి మీద పువ్వు తప్పు. "పెదనాన్నా, నువ్వు సేసేది దేవుడి పక్కన ఇంకొకర్ని జోడీ కట్టడం. దీన్ని ఇస్లామనరు" అన్నాడొక రోజు దుకాణం ముందు, నలుగురు కుర్రాళ్ళని వెనకేసుకుని. ఆ కుర్రాళ్ళలో ఒకడు ఇంకా ముందుకెళ్ళాడు, "బొట్టెట్టుకున్నోళ్ళ పిల్లలు సస్తే మనకేటి?" అన్నాడు. మా చిన్నవాడు వాడిని ఏమీ అనలేదు. నాకు అదే గుచ్చుకుంది. తను ఆ మాట అనలేదు సరే, అన్నవాడిని వద్దని కూడా అనలేదు. మా ఆయన తలెత్తకుండా, "ఆ మాటన్నోడికి సిన్నప్పుడు నానే ఊదినాను. సరిగ్గా ఊదనేదు కావాల" అన్నాడు.

ఆ కుర్రాడే ఫోన్లో ఏవో చావుల వీడియోలు పంచిపెట్టి, మగాళ్ళయితే లేవండని రాశాడట. పోలీసులు వచ్చారు. వచ్చినవాళ్ళకి ఎవరు ఎవరో తెలియదు, అందరికన్నా పొడుగు గడ్డం ఎవరిదో చూసి మా ఆయన్ని జీపెక్కించారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం అసరు నమాజు వేళ దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. వేళకి కండువా పరిచి అక్కడే నమాజు చేశాడట, దాంతో అనుమానం ఇంకా పెరిగింది. పెద్దవాడు విశాఖ నుంచి పరిగెత్తుకొచ్చి విడిపించాడు. ఎలా విడిపించాడంటే, "సార్, మా పెదనాన్నకి పాతకాలం మూఢనమ్మకాలు తప్ప ఇంకేమీ తెలియవు" అని చెప్పి. ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. "ఒకడు నన్ను దేవుడికి దూరమన్నాడు, ఒకడు మూఢుడన్నాడు, పోలీసోళ్ళేమో టెర్రరిస్టువా అన్నారు. నానొక్కన్నే కదే, ఇన్ని పేర్లేటి నాకు?" అన్నాడు. నవ్వుతాడనుకుని మొహం చూశాను. నవ్వలేదు.

తర్వాత నెలలోనే మసీదు గుమ్మానికి బోర్డు కట్టారు, 'ఇక్కడ ఊదబడదు' అని. సైకిలు షాపు వాళ్ళు గాలి కొట్టబడును అని రాసుకుంటారే, అలాంటి రంగే. కట్టినవాళ్ళలో మా చిన్నవాడున్నాడు. బాంగు ఇవ్వడానికి కూడా వేరే కుర్రాడిని పెట్టారు, మంచి గొంతువాడిని. మసీదులో తగువు పెట్టుకోకూడదన్నాడు మా ఆయన. ఆఖరి వరసలోకి జరిగి నమాజు చేసుకొచ్చేవాడు. దుకాణానికి వచ్చిన పిల్లలకి మాత్రం తలుపు కొంచెం వేసి ఊదేవాడు, దొంగసరుకు అమ్మేవాడిలా. ఒక రోజు అసరు తర్వాత సగం కుట్టిన పెళ్ళి పరుపు మీద పక్కకి ఒరిగిపోయాడు. సూది చేతిలోనే ఉంది.

నలభయ్యో రోజున నేను ఆయనకి ఇష్టమైనవి వండాను. చోడి అంబలి, అదే రాగి అంబలి, భావనపాడు నుంచి వచ్చే ఎండునెత్తళ్ళ చేపల వేపుడు, మలీదా. తెల్లగుడ్డ పరిచాను. సాంబ్రాణి వేశాను. ఎదురింటి వదిన వచ్చి గోడవార కూర్చుంది. ఇద్దరు కొడుకులూ వచ్చారు. ఊళ్ళో పాత మనుషుల్లో చదవగలిగిన వాళ్ళు ఇద్దరుండేవారు. ఒకాయన పోయాడు, ఒకాయన మసీదులో మాట వస్తుందని రానన్నాడు. చిన్నవాడి గడ్డం పట్టుకున్నాను. "ఖురానులో ఒక్క యాసీను సదవరా. ఆయన పేరు సెప్పి అప్పజెప్పు. ఇంకేటీ అడగను."

"పెద్దమ్మా, ఆయన కోసం రోజూ దువా సేస్తన్నాను. నమాజులో ఏడుస్తన్నాను. కాని తిండి ముందు కూకుని సదవలేను. తప్పని తెలిసి సేస్తే ఆయనకీ నాకూ పాపమే."

"మీ నాన్నకి ఆయన సదివితే మలీదా నువ్వే తిన్నావురా."

"తెలీక తిన్నాను" అన్నాడు. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. అబద్ధం ఏడుపు కాదు. అబద్ధమైతే నేను చెంప పగలగొట్టి ఊరుకునేదాన్ని.

పెద్దవాడు ఫోను తీశాడు. "ఇందులో పెడతాను పెద్దమ్మా, పెద్ద పెద్ద వాళ్ళు సదివింది ఉన్నాది" అన్నాడు. ఎవరో మనిషి ఎక్కడో చదువుతున్నాడు, గొప్ప గొంతు. "ఆ ఫోనుకి మా ఆయన పేరు తెల్సా?" అన్నాను. వాడు ఫోను ఆపేశాడు. జేబురుమాలు నెత్తికి కట్టుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇవేవీ నమ్మని వాడు నా కోసం కూర్చున్నాడు. ఖురాను తెరిచాడు. అక్షరాల మీద వేలు పెట్టి, కొత్తగా బడికెళ్ళిన పిల్లాడిలా రెండు ముక్కలు చదివాడు. మూడో ముక్క దగ్గర ఆగాడు. వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. "మర్సిపోయినాను పెద్దమ్మా" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు చూశాడు. నేనూ చూశాను. చిన్నవాడి పెదాలు కదులుతున్నాయి. ఆ ముక్క వాడికి వచ్చు, దాని తర్వాతవన్నీ వచ్చు. ఒక్క మాట అందిస్తే చాలు. వాడు పెదాలు బిగించుకున్నాడు. చెప్పులు వేసుకుని మసీదుకి వెళ్ళిపోయాడు.

"నువ్వు సదువు బూబమ్మా, ఏటౌతాది?" అంది వదిన. నాకు వచ్చిందల్లా నమాజుకి సరిపోయే నాలుగు ముక్కలు. అప్పజెప్పే ఆ పది మాటలు రావు. నేర్పుతానన్న మనిషికే ఇప్పుడు అప్పజెప్పాలి. అంబలి మీద మీగడలా తోలు కట్టింది. సాంబ్రాణి ఆరిపోయింది. మగ్రిబు అయింది. వదిన కళ్ళు తుడుచుకుని వెళ్ళింది, పెద్దవాడు బస్సుకి వెళ్ళాడు. పారెయ్యడానికి చేతులు రాక ఆ అంబలి నేనే తాగాను. ఎవరికీ చేరని తిండి.

నిన్న వచ్చిన ఆ పిల్లతల్లికి మా ఆయన పోయాడని చెప్పాను. "అయితే నువ్వే ఊదు బూబమ్మా, నీకూ వస్తాది కదా" అంది. నమాజులో రోజూ చదివే అల్‌హందు నా నోట్లోనే ఉంది. పిల్లకి ఊదడానికి అది చాలు, మా ఆయన చదివేది కూడా అదే. మూడు అడుగులు వేస్తే బిడ్డ నెత్తి. నేను ముందు బిడ్డ వైపు చూడలేదు. మసీదు వైపు చూశాను, ఎవరైనా చూస్తున్నారా అని. "నాకు రాదమ్మా, ఆస్పత్రికి తీసుకెల్లు" అన్నాను. ఆస్పత్రి మాట మంచిదే, రాదన్నదే అబద్ధం. ఆమె బిడ్డని భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు ఈ సందులో పొద్దుగూకే వేళంటే పిల్లల ఏడుపు ఆగే వేళ. నిన్న కూడా అదే వేళ, అదే వెలుతురు, ఏడుపు మాత్రం సందు మలుపు తిరిగేదాకా వినబడుతూనే ఉంది.