కిల్టుకు కుట్టు ఎక్కడిదాకా

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. మావాళ్ళు రబ్బరుతోటల పనికి వలసొచ్చిన తెలుక్ ఇంటాన్‌లో మా స్కూల్లో నేను కాళ్ళు ఊపుతుంటే బెంచీ మీద ఉన్న నలుగురూ ఊగేవారు. టీచర్లు విసిగిపోయి గుమ్మం బయట నిలబెట్టేవారు. అక్కడైనా నిలబడితే కదా! గుళ్ళో భజనకి తీసుకెళ్తే అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకునేది. భజన అయ్యేసరికి నాకు కాలు నొప్పి, ఆవిడకి చెయ్యి నొప్పి.

అలాంటి నన్ను పిలిచి మరీ చేర్చుకున్నది స్కూలు బ్యాండు ఒక్కటే. మాది బ్యాగ్‌పైపుల బ్యాండు. తెల్లదొరలు వెళ్ళిపోయినా వాళ్ళ సంచీ బూరాలూ, కిల్టులూ మా స్కూల్లో ఉండిపోయాయి. నాకు డ్రమ్ము ఇచ్చారు. వాయిస్తూ నడవాలి, నడుస్తూ వాయించాలి. కదలకురా అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు. ఆ డ్రమ్ము కోసం నేను ప్రాణం పెట్టేవాణ్ణి.

ఆటల పండగ దగ్గరపడ్డాక బ్యాండు మాస్టారు కొత్తవాళ్ళందరికీ పచ్చ మీద ఎర్రగీతల గళ్ళ బట్ట ఇచ్చి, ఇంట్లో కిల్టు కుట్టించుకు రమ్మన్నారు. నడుం చుట్టూ చుట్టుకునేది, మోకాళ్ళ దాకా ఉండాలి, ముందు చదును, వెనకంతా మడతలు. శనివారానికి కిల్టు లేనివాడు డ్రమ్ము ఇచ్చేసి మైదానం పక్కన బెంచీ మీద కూర్చోవాలన్నారు. బెంచీ అన్న మాట వినగానే బట్ట చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

మగపిల్లాడికి ఈ వేషమేమిటని మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మా తాతయ్య పొద్దస్తమానం గళ్ళ కైలీ లుంగీలోనే ఉండేవాడు. చిక్కల్లా కుట్టడం దగ్గరే వచ్చింది. అమ్మకి ఫ్యాక్టరీలో ఓవర్‌టైము. మా మామ్మకి, అంటే నాన్నగారి అమ్మకి, కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది కానీ చూపు మందగించింది. నువ్వే కుట్టుకో, నేను పక్కన కూర్చుని చెప్తానంది.

మొదలుపెట్టగానే తగువు. ఆవిడ చీర కుచ్చిళ్ళలాగా మడతలన్నీ ముందుకి పెట్టించింది. కాదు, వెనక అంటే ఒప్పుకోదు.

"కుచ్చిల్లు ఎనకేటిరా? ఎవులు సూత్తారు?"

"నా ఎనకాల నడిసేవోలు సూత్తారు లా!" అన్నాను, మా ఊళ్ళో అందరూ మాట చివర తగిలించే 'లా'తో.

ఆవిడ నవ్వి, అయితే వెనకే పెట్టమంది. ఒక మడత మీది ఎర్రగీత పక్క మడత మీది ఎర్రగీతకి సరిగ్గా రావాలి. ఒకటి పెట్టడం, లేచి మంచినీళ్ళు తాగడం, ఇంకొకటి పెట్టడం, వీధిలో మోటారుసైకిలు వెళ్తే చూసి రావడం. ఎలాగైతేనేం, మడతలు కుదిరాయి. అవి చెదరకుండా తెల్లదారంతో పొడుగు కుట్లు వేయించి, ఇక మిషను మీద కుట్టెయ్యమని చెప్పి మామ్మ పక్కింటికి వెళ్ళింది. కుట్టు ఎక్కడ ఆపాలో చెప్పలేదు. అదీ ఒకటి చెప్పాలని ఆవిడకి తోచి ఉండదు.

మిషను తొక్కడం మొదలుపెట్టాను. నా కాళ్ళకి తగిన పని దొరికింది. నడుం దగ్గర పట్టిన కుట్టు తుంటి దాటి, అంచు దాకా పోయి ఆగింది. ఒక మడత తరవాత ఒక మడత, అన్నీ కింది దాకా కుట్టేశాను. గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో! అంతసేపు లేవకుండా కూర్చున్నందుకు నా మీద నాకే ముచ్చటేసింది.

మామ్మ వచ్చి కుట్లను వేళ్ళతో తడిమింది. తిట్టలేదు, నవ్వలేదు. "మా బాగుంది. ఏదీ, తొడుక్కొని మీ బేండోల్లాగ నడు" అంది.

అడుగు వేశాను. మడతలు విచ్చుకోక మోకాలు లేవలేదు. కాళ్ళు కట్టేసిన కోడిలా రెండడుగులు వేసి, మూడోది గట్టిగా వెయ్యబోయి నేల మీద పడ్డాను. పడ్డందుకు కాదు, బెంచీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. దాన్ని విప్పి విసిరికొట్టి, కత్తెర కోసం వెతికాను.

మామ్మ నన్ను దగ్గరికి లాక్కుని తన చీర కుచ్చిళ్ళు చూపించింది.

"ఎస్టేట్ల రబ్బరుపాలు గీయనెల్లినప్పుడు కూడా నానీ చీరే కట్టినాను. ఈ కుచ్చిల్లు కింద దాకా కుట్టీసుకుంటే ఆ కొండలెక్కగల్నేటి?" అని నా నడుం మీద అరచెయ్యి ఆనించింది. "ఇదిగో, ఇక్కడి దాకానే పట్టాల. కిందది ఒగ్గీ. దాన్నూగనీ."

ఆ సాయంత్రమంతా బ్లేడుతో కుట్లు ఊడదీశాను. బట్ట మీద సూది కన్నాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

శనివారం డ్రమ్ము నా దగ్గరే ఉంది. మేము మైదానంలోకి వస్తుంటే, చూపు ఆనని మామ్మ పక్కనున్న అమ్మని గిల్లి, "ఆడి కుచ్చిల్లు ఊగుతున్నాయేటే?" అని అడుగుతూనే ఉందట. ఊగుతున్నాయత్తా అని చెప్పి చెప్పి అమ్మకి నోరు నొప్పెట్టిందట. నా వెనక నడిచినవాడు సూది కన్నాలన్నీ చూసి వారం రోజులు ఏడిపించాడు.

ఆ తరవాతి భజనలో అలవాటుగా అమ్మ చెయ్యి నా మోకాలి మీదికి వచ్చింది. మామ్మ ఆ చేతిని తీసి నా నడుం మీద పెట్టింది. అమ్మ ఒక్కక్షణం ఆవిడ వైపు చూసి, చెయ్యి అక్కడే ఉంచేసింది. నా కాలు హాయిగా ఊగుతూనే ఉంది. ఆ రోజు భజన చివరిదాకా నేను లేవలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఊపడం మానలేదు. మా మనవడిదీ అదే తంతు. వాడికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడమంటే సిగ్గు. అన్నం తింటూ వాడు కాళ్ళు ఊపుతుంటే మా కోడలు మందలించబోతుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని వాడి నడుం మీద చెయ్యి వేస్తాను. అక్కడి దాకానే.