కొట్టుకునే నరం

ఇరవై ఆరేళ్లుగా ఆ ఆసుపత్రిలో రోగులకు రక్తపరీక్ష కోసం సూది గుచ్చే పని ఆవిడదే. అందుకే అందరికీ సూదమ్మ అయింది. మోచేతి పైన పట్టీ బిగించి, కళ్లు మూసుకుని, చూపుడువేలితో మడతలో తడుముతుంది.

"కొట్టుకునేది గుండె నుంచి వచ్చే నరం. దాని జోలికి పోకు. మెత్తగా లేచేది గుండెకి తిరిగెళ్లేది. మనకి కావాల్సింది అదే," అని కొత్తవాళ్లందరికీ నూరిపోసేది.

ఆ కళ్లు మూసుకోవడమే ఆమె కొంప ముంచింది. కొత్త సూపరింటెండెంటు అది చూసి, ఈవిడకు చూపు ఆనడం లేదని తేల్చేశాడు. చర్మం మీద నరాలను గీతల్లా చూపించే లైటు మిషను తెప్పించి, సోమవారం నుంచి ఆమెను ఫైళ్ల గదికి వెళ్లమన్నాడు. సూదమ్మకు ఒళ్లు మండిపోయింది.

"పోనీలేవే, హాయిగా కూర్చుని చేసే పని," అన్నాడు మొగుడు.

"కూర్చోడానికి ఇంట్లో నువ్వున్నావుగా, చాలు!"

శనివారం పొద్దున, స్పృహ సరిగా లేని ముసలావిడను ఎవరో తెచ్చి దింపి వెళ్లారు. పాత వైద్యం కాగితం ఒక్కటీ వెంట లేదు. మిషను కోసం కొత్తగా చేరిన టెక్నీషియను పిల్ల, ముసలావిడ ఎడమచేతి మీద లైటు వేసింది. తాడంత నరం కనిపించింది. సూపరింటెండెంటు మురిసిపోయాడు.

"ఎంత బాగా కనబడుతోందో చూడండి! ఊఁ, కానీ."

సూదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ గుచ్చితే ఊరుకోను."

"మీరు తప్పుకోండమ్మా."

"తప్పుకోను. మీరే వేలు పెట్టి చూడండి సార్."

ఆయన విసుగ్గా వేలు ఆనించి, గభాలున తీసేశాడు. చర్మం కింద జుమ్మని అదురుతోంది.

"తిరిగెళ్లే నరం అలా అదరదు. గుండె నుంచొచ్చే నరాన్ని ఆపరేషన్ చేసి దీనికి కలిపారు, డయాలసిస్ కోసం. ఈవిడ బతుకంతా ఈ చేతిలోనే ఉంది. మనం పాడుచేస్తే ఎవరు తెచ్చిస్తారు?"

కుడిచేతికి పట్టీ బిగించింది. కళ్లు మూసుకుంది, ఈసారి కావాలనే ఆయన ఎదురుగా. ఒక్క పోటుకే గొట్టం నిండింది.

సూపరింటెండెంటు తప్పయిందనలేదు. ఆర్డరు రద్దు చేస్తాననీ అనలేదు. సోమవారం సూదమ్మ అరగంట ముందే వచ్చి, ఫైళ్ల గదికి పోకుండా తన కుర్చీలో తాను కూర్చుంది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డా లేవలేదు. కొత్త టెక్నీషియను వేలిని తన మోచేతి మడతలో పెట్టుకుంది.

"ముందు కళ్లు మూసుకోవే," అంది.