చెట్లు పడిన దిక్కు

ఆ తుఫాను నాటికి నాకు పంతొమ్మిదేండ్లు. నాయన చిత్తూరులో పిల్లలకు భూగోళం చెప్పే అయ్యవారు. మా మేనత్త తడలో, అక్క సూళ్లూరుపేట దగ్గర ఒక పల్లెలో కాపురం ఉండేవాళ్లు. రెండిళ్లూ పులికాట్ సరస్సు ఒడ్డునే. మూడు దినాలైనా కబురు రాలేదు. నాయనా నేనూ దొరికిన బండెల్లా ఎక్కి తడ చేరినాము.

అత్త క్షేమంగా ఉండాది. ఇంటి మీద తాటాకులు లేచిపోయినాయి, అంతే. గాలి ముదిరినప్పుడు సరస్సు నీళ్లు వెనక్కి జరిగి అడుగు బురద బయటపడిందనీ, చిక్కిన చేపలను జనం చేత్తో ఏరుకున్నారనీ చెప్పింది. అక్కావాళ్లకూ ఏమీ అయ్యుండదులే అనింది.

రైళ్లు లేవు. పట్టాల వెంబడి ఉత్తరంగా నడిచినాము. తడ దగ్గర సరుగుడు చెట్లన్నీ తూర్పుకు, సరస్సు వైపు పడినాయి. కొన్ని మైళ్లు పోయినాక ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఉన్నాయి: కింద చెట్లు దక్షిణానికి, పైవి ఉత్తరానికి. ఆడ రైలు గేటు కాసే ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చింది. నడిమధ్యన గాలి నిలిచిపోయి ఎండ కాసిందనీ, తడిబట్టలు ఆరేసేలోగా ఎదురు దిక్కునుంచి మళ్లీ కొట్టిందనీ చెప్పింది.

ఇంకా పోతే చెట్లన్నీ పడమటికి పడినాయి, వేళ్లతో సహా. నాయన నిలబడిపోయినాడు.

"ఇన్నేండ్లూ నేను బోర్డు మీద గీసింది ఇదేమ్మా," అన్నాడు.

మేము మజ్జిగ తాగిన చోటు మీదుగానే తుఫాను సుడి నడిబొడ్డు పోయిందంట. సుడి తిరుగుతా పడమటికి నడిచింది. దక్షిణం పక్క గాలి తిరుగుడూ సుడి నడకా ఎదురెదురు కాబట్టి జోరు తగ్గింది, నీళ్లు కూడా అవతలికి పోయినాయి. ఉత్తరం పక్క రెండూ ఒకే దిక్కు. ఆ గాలి నీళ్లను ఊర్ల మీదికే తోస్తుంది. అంతవరకు చెప్పి గబగబా ముందుకు నడిచినాడు. అక్క ఉండేది ఉత్తరం పక్క.

మేము పొద్దుననుంచీ నడిచిన నేలంతా ఒకే సుడి కింద ఉండిందా అనుకుంటా నాయన వెనకాల పరిగెత్తినంత పని చేసినాను.

అక్క, బావ ఊరి జనంతో పాటు రైలుకట్ట మీద ఉన్నారు. ఇంటికి ద్వారబంధం ఒక్కటే మిగిలింది. గంజి కాస్తున్న అక్క మమ్మల్ని చూసి లేచి వచ్చింది.

"గాలికి కాదు నాయనా, నీళ్లకు జడిసి పరిగెత్తినాము. నిలువెత్తున వచ్చినాయి," అనింది.

నాయన ఆమె తల నిమురుతా తూర్పుకు చూసినాడు. సరస్సులో ఆ నీళ్లు అప్పుడు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.