తుపాకీకి కట్టిన పసుపు కొమ్ము

ఆ రోజుల్లో నాకు రెండు భయాలు ఉండేవి. ఒకటి చప్పుడు, రెండోది ఉద్యోగం పోవడం. మొదటిది పుట్టుకతో వచ్చింది (దీపావళికి మా ఇంట్లో టపాకాయలు మా చెల్లెలు కాల్చేది, నేను తలుపు చాటు నుంచి జాగ్రత్తలు చెప్పేవాణ్ణి). రెండోది అమెరికా వచ్చాక పట్టుకుంది. ఇలాంటి మనిషి తుపాకులు తయారుచేసే షాపులో ఎలా చేరాడని మీకు అనుమానం రావచ్చు. ఎనభైల మొదట్లో పెన్సిల్వేనియాలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుండేవి. నేను పనిచేసే పంపుల కంపెనీ కూడా మూతపడ్డాక, నా మెకానికల్ డిగ్రీ చూసి రమ్మన్నది ఆ చిన్న షాపు ఒక్కటే. రెండు భయాలూ కుస్తీ పడితే ఉద్యోగ భయమే గెలిచింది.

షాపులో ఉన్నది ముగ్గురం. యజమాని నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది కాబట్టి ఇంట్లో ఆయన్ని పొగగొట్టం అనుకునేవాళ్ళం. బారెళ్ళు బిగించే పెద్దాయనకి అరవై దాటాయి. మా ఆవిడ పంపిన అరిసె తిని, ఇంకొకటి అడిగి తీసుకున్నాడని ఆమె ఆయన్ని తాతగారు అనేది (ఆయన ఎదుటే అనేది. అదేదో బిరుదనుకుని ఆయనా పలికేవాడు). మూడోవాణ్ణి నేను. ఆ ఏడు పక్క కౌంటీ పోలీసులు, కారులోంచి దిగేటప్పుడు తలుపుకి తగలని పొట్టి బారెల్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి చేసి చూపించమన్నారు. అంత పొట్టివి మామూలు జనం ప్రత్యేక అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. మా షాపుకి లైసెన్సు ఉంది. పొగగొట్టం మా ఇద్దరినీ పిలిచి, గురి కుదిరితే ఆర్డర్ వస్తుందని, కుదరకపోతే ఇద్దరిలో ఒకరిని మానిపించక తప్పదని, ఎవరి పనిలో తప్పుంటే వారే వెళ్ళాలని చెప్పి చుట్ట ముట్టించుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

బారెల్ తాతగారి పని. దాని కింద చేత్తో పట్టుకునే చెక్క తొడుగు నా పని. ఆ పనికి ఒకటే సూత్రం: చెక్క బారెల్‌ని తాకకూడదు, రెండింటి మధ్యా ఖాళీ ఉండాలి. ఏదైనా అడ్డుపడి బారెల్‌ని నొక్కిందంటే, ఇనుము వేడెక్కినకొద్దీ గుండు దారి తప్పుతుంది. ఈ సంగతి తాతగారు నాకు ఎంత ఓపికగా నేర్పాడంటే, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తెలియక చేశాననే సాకు నాకు లేదు.

టెస్టు దసరా మర్నాడు పడింది. ఊళ్ళో మా నాన్నకి లారీల షెడ్డు ఉండేది. ఆయుధ పూజ నాడు జాకీకీ స్పానర్లకీ కూడా బొట్టు పెట్టేవాడు. ఇనుముకి భక్తి తెలుస్తుందా అని కాలేజీ రోజుల్లో నేను నవ్వేవాణ్ణి. ఆ పండగ పూట మా ఆవిడ లంచ్ డబ్బాతో పాటు పసుపు దారానికి చిన్న పసుపు కొమ్ము కట్టి ఇచ్చింది (ఆ కొమ్ముల కోసం పక్క రాష్ట్రంలో ఉన్న ఐసెలిన్ దాకా డ్రైవ్ చేశాం. అప్పటికి అక్కడ ఇప్పటిలా వీధి పొడవునా మన దుకాణాలు లేవు). "మీ టూల్‌బాక్స్‌కి కట్టండి. ఎవరైనా అడిగితే మా ఆవిడ కట్టమందని చెప్పండి, సిగ్గెందుకు?" అంది.

నాకు సిగ్గే. పైగా మర్నాడు పరీక్ష రాయబోయేది తుపాకీ, టూల్‌బాక్స్ కాదు. తాతగారు భోజనానికి వెళ్ళగానే తొడుగు విప్పి, ఎవరికీ కనబడకుండా లోపల బారెల్‌కే కొమ్ము కట్టి, మళ్ళీ బిగించేశాను. స్క్రూ చివర్లో కాస్త మొండికేసింది. అమ్మవారి అనుగ్రహం కదా, బిగువుగానే ఉంటుందిలే అనుకుని ఇంకో అర చుట్టు తిప్పాను.

మర్నాడు షూటింగ్ రేంజ్‌కి ఇద్దరు పోలీసులు వచ్చారు. పొగగొట్టం ఇసక సంచి మీద రైఫిల్ ఆనించి కూర్చున్నాడు. నేను చెవుల్లో దూది, దాని మీద మఫ్లు పెట్టుకుని తాతగారి వెనక నిలబడ్డాను. పొట్టి బారెల్ చప్పుడు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మొదటి గుండుకే తాతగారి చొక్కా పట్టేసుకున్నాను. మొదటి నాలుగు గుళ్ళూ ఒక్క చోటే పడ్డాయి. తరవాత ఒకటి పైకి, ఇంకొకటి ఇంకా పైకి, అలా మెట్లెక్కినట్టు ఎక్కి చివరిది కాగితం అంచు దాటిపోయింది. చల్లార్చి మళ్ళీ కాల్చారు, మళ్ళీ మెట్లే. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో తేలిగ్గా ఒక వాసన వచ్చింది. మాడిన పోపు వాసన. పొగగొట్టం చుట్ట తీసి గాలిని పీల్చి నా వైపు చూశాడు. నేను మఫ్లు తీసి తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.

"బారెల్ సరిగా కూచోలేదు," అన్నాడు తాతగారితో.

తాతగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "కావచ్చు. ఈ మధ్య నా చూపు సరిగా ఆనడం లేదు," అన్నాడు.

నేను నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. అద్దె, కడుపుతో ఉన్న మా ఆవిడ, మూతపడ్డ పంపుల కంపెనీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్నిటికన్నా నీచమైన సంగతి ఇంకొకటుంది. తప్పు బారెల్‌దైతే నా ఉద్యోగం నిలుస్తుందన్న లెక్క నా బుర్రలో చకచకా పూర్తయిపోయింది. దేవుడి మీద నమ్మకం లేదని చెప్పుకుని తిరిగినవాణ్ణి, ఆ తొడుగు ఎవరూ విప్పకూడదని ముక్కోటి దేవతలకీ మొక్కాను.

తాతగారే విప్పాడు. మా అందరికీ వీపు పెట్టి వంగి విప్పి, ఒక క్షణం కదలకుండా ఉండిపోయాడు. తరవాత మెల్లిగా తల తిప్పి నన్నొక్కణ్ణే చూశాడు. చొక్కా జేబులో ఏదో వేసుకుని, "చెక్క పేడు ఇరుక్కుంది. నేను చూసుకోవాల్సింది," అన్నాడు. ఆపైన కాల్చిన గుళ్ళన్నీ అర్ధరూపాయి బిళ్ళ కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయి. ఆర్డర్ వచ్చింది. ఇద్దరి ఉద్యోగాలూ నిలిచాయి.

పార్కింగ్‌లో ఆయన మాడిన కొమ్ముని నా చేతిలో పెట్టి ఇదేమిటని అడిగాడు. పని బాగా జరగాలని కడతామని చెప్పాను. "సన్, నువ్వు కట్టాల్సింది రైఫిల్‌కి కాదు, నీకు," అని కారెక్కాడు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "టూల్‌బాక్స్‌కి కట్టమంటే తుపాకీ మెళ్ళో కట్టారా? పైగా నింద తాతగారి మీదా?" అని ఆ పూట నాతో మాట్లాడలేదు.

తరవాత ఏళ్ళ తరబడి పొగగొట్టం నా ఎదుట తాతగారిని ఆటపట్టించేవాడు. "ఈ రోజు పేడు ఏమైనా వదిలావా, పెద్దాయనా?" అనేవాడు. తాతగారు నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి). ఆయన రిటైరైన రోజు, కేకు ముందు నిలబడి పొగగొట్టం ఆ పేడు కథ మళ్ళీ మొదలుపెడితే, మా ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. లేచి, టపాకాయ ముందు నిలబడ్డట్టు కళ్ళు మూసుకుని, అది పేడు కాదు, పసుపు కొమ్మని, కట్టింది నేనని చెప్పాను.

పొగగొట్టం చుట్ట తీశాడు. "నాకు ముక్కు ఉందయ్యా. మీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాను, పసుపు వాసన తెలీదా? ఆ జోకు ఇన్నేళ్ళూ వేసింది ఆయన కోసం అనుకున్నావా?" అన్నాడు.

తాతగారు కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ, "చెప్పానుగా, ఆలస్యమైనా చెబుతాడని," అన్నాడు. ఇద్దరూ దీని మీద పందెం వేసుకున్నారట.

ఇప్పుడు నాకు తాతగారి అప్పటి వయసు. చప్పుడంటే ఇంకా భయమే. ప్రతి దసరాకీ కారుకి పసుపు కొమ్ము కడతాను. తాళం చేతికిచ్చే ముందు మా ఆవిడ వచ్చి చూస్తుంది, పైకి కనబడేలా కట్టానో లేదో.