మంచునేల డేగ

జాబ్రియాలో నేను పనిచేసిన అరబ్బుల ఇంటికి ఒక చలికాలం తెల్ల డేగ వచ్చింది. ఇంటాయనను బాబా అనేదాన్ని. వంటింటి వెనక గదిలో డేగ కోసం ఆయన ఏసీ పెట్టించాడు. పక్కనే బట్టలుతికే గదిలో నేను ఫ్యాను కింద పడుకునేదాన్ని. డేగకు మేత పెట్టడం కూడా నా పనే. పావురం రెక్కల ఈకలు పీకి, ప్రాణంతోనే దాని ముందు వదలాలి. చచ్చినవి పెడితే వేట మరిచిపోతుందని బాబా భయం.

ఒకసారి దాన్ని పట్టిన వీడియో ఫోనులో చూపించాడు. ఎక్కడో బాగా ఉత్తరాన, చూపు ఆనినంత దూరం చదును నేల. ఒక్క చెట్టు లేదు. కడప వైపు ఎండిన చేలల్లో పెరిగినదాన్నే, అయినా అంత ఖాళీ ఎరగను. సగం కరిగిన మంచు మధ్య నల్లటి మడుగులు, ఎర్రటి నాచు. దూరంగా పెద్ద కొమ్ముల దుప్పులు మందగా పోతున్నాయి. గడ్డి దుబ్బుల్లో బొద్దు ఎలుకలు, వాటి వెనకే మాసిన తెలుపు రంగు నక్క. వేటగాడు ఒక పావురం వీపున ఉచ్చులు కట్టి వదిలాడు. డేగ వచ్చి దాని మీద పడింది, గోళ్లు ఉచ్చుల్లో ఇరుక్కున్నాయి. అది కొట్టుకుంటుంటే బాబా నవ్వి, "ఆడది. ఎంత కోపమో చూడు!" అన్నాడు.

ఆగస్టులో బాబా ఊళ్లో లేనప్పుడు ఆ ఏసీ ఆగిపోయింది. డేగ నోరు తెరిచి, రెక్కలు విడదీసి ఎగపోయసాగింది. కోనసీమ నుంచి వచ్చిన డ్రైవరును పిలిచాను.

"అన్నా, ఇది సచ్చిపోయేట్టుండాది. మెకానిక్‌ను పిలువు."

"పిలిచానమ్మా, రేపు గానీ రాడంట. హాల్లో ఎట్టుకోవచ్చేమో మామాని అడుగు. అక్కడ చల్లగా ఉంటాది."

ఇంటావిడను మేం మామా అంటాం. అడిగాను.

"కొత్త తివాచీ అది. లోపలికి తేవద్దు. ఖలాస్, అంతే," అంది ఫోనులోంచి తల ఎత్తకుండా.

గిన్నెలో ఐసు పెట్టాను. తడిగుడ్డతో విసిరాను. దాని కళ్లు కప్పి ఉంచే తోలు టోపీ తీశాను. అది నన్ను చూసింది గానీ నీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నానికి ఒరిగిపోయి, కాలికి కట్టిన తాడుకు వేలాడింది.

మర్నాడు బాబా వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నీళ్లు పెట్టమంటే ఇది వినలేదు," అంది మామా నన్ను చూపిస్తూ.

నేను నోరు తెరిచేలోపే ఆయన నన్ను డేగ గదిలోకి తోశాడు. "దానికెలా ఉందో నీకూ తెలియాలి," అని బయట తాళం వేశాడు.

గదికి కిటికీ లేదు. చెమటకు పావురాల నూగు ఒంటికి అంటుకుంది. తలుపు బాదాను, అరిచాను. కాసేపటికి అవతల డ్రైవరు గొంతు వినిపించింది.

"తాళం ఆయన జేబులో ఉందమ్మా. తలుపు కింద సందుకాడ ముఖం పెట్టి పడుకో, కాస్త గాలి తగుల్తాది."

అలాగే పడుకున్నాను.

సాయంత్రం మామా తలుపు తీసింది. డేగ పోయిందని బాబాను పలకరించడానికి చుట్టాలొచ్చారు. "యల్లా, తొందరగా ముఖం కడుక్కుని టీ పెట్టు," అంది.

పెట్టాను. ట్రే దించి గోడకు ఆనుకుంటే, ఒకావిడ నా వైపు చూసి, "దీనికి జ్వరమా?" అని అడిగింది.

"కాదు, బద్ధకం," అంది మామా.